అతికించిన ఊపిరి

ఫిబ్రవరి 6

ఈరోజు మళ్ళీ పొగడ్తలు. మా చేత డబ్బింగ్ చెప్పించే గురువుగారు రికార్డింగ్ బూత్ అద్దం అవతల నుంచి చప్పట్లు కొట్టి, "ఊపిరమ్మా, ఈ సీరియల్లో హీరోయిన్‌కి నువ్వే ప్రాణం పోశావమ్మా" అన్నారు. నాకా పేరు పెట్టిందీ ఆయనే. మాటలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారట, మాటలు లేనిచోట చెప్పేది నేనొక్కదాన్నేనట. పరాయిదేశపు సీరియల్ ఇది. ఇవాళ్టి భాగంలో హీరోయిన్ మేడ మీద హీరో మెడ చుట్టూ చేతులు వేస్తుంది. డైలాగు ఒక్కటీ లేదు, ఊపిరి మాత్రమే. స్టూడియోలో ఇలాంటి మాటల్లేని చప్పుళ్ళని రియాక్షన్స్ అంటాం. ఒక్క టేక్‌లో అయిపోయింది.

"ఎవర్ని తలుచుకున్నావేంటి?" అని గురువుగారు ఆటపట్టించారు. అద్దం అవతల సౌండ్ మిషన్ ముందు కూర్చున్న మా ఆయన వైపు చూసి నవ్వాను. ఆయన మొహం ఎర్రబడింది.

నేను తలుచుకున్నది బకెట్టుని. పొద్దుట్నుంచీ మైకు ముందు నిలబడి, ఇంటికెళ్ళి చెప్పులు విప్పి, వాచిన పాదాలు చల్లనీళ్ళ బకెట్టులో పెట్టినప్పుడు వచ్చే ఊపిరి అది. దాన్ని కొంచెం సాగదీసి, చివర్లో కాస్త విరిస్తే సరిపోతుంది. చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుందట. నాకు మాత్రం కాళ్ళనొప్పులు గుర్తొస్తాయి.

ఫిబ్రవరి 9

రాత్రి ఆయన దగ్గరికొస్తే తలనొప్పి అన్నాను. తర్వాత నిజంగానే వచ్చింది.

ఫిబ్రవరి 13

మా ఆయన్ని స్టూడియోలో పాముచెవులు అంటారు. పక్కగదిలో ఫ్యాను కిర్రుమంటే ఇక్కడ రికార్డింగ్ ఆపేస్తాడు. నాకు జలుబు చేయబోతోందని నాకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. పెళ్ళికి ముందు నాతో అన్న మొదటి పెద్ద మాట, "మీ గొంతు కోయడానికి నాకు చెయ్యి రాదండీ". రికార్డు చేసింది కోసి అతికించే సౌండ్ ఎడిటర్లు ప్రేమని ఇలాగే చెబుతారు కాబోలు. గంభీరంగా అనేసి, ఏమన్నాడో అప్పుడర్థమై, నాలుక కరుచుకున్నాడు. అక్కడే పడిపోయాను నేను.

అవును, పడిపోయాను. అది అబద్ధం కాదు. ఆయన ఇంటికి రావడం ఆలస్యమైతే నాకు కాలు నిలవదు. ఆయన తిన్న తర్వాత తింటే అన్నం రుచిగా ఉంటుంది. అంతకంటే ఏం కావాలో నాకు తెలియడం లేదు.

పొద్దున టీ తాగుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"నేనేమైనా తప్పు చేస్తున్నానా?"

"అయ్యో, అదేం లేదండీ. అలసట అంతే. ఈ సీరియల్ అయిపోనివ్వండి."

"కిందటి సీరియల్‌కీ ఇదే చెప్పావు."

చెప్పాను. నిజంగానే కిందటి సీరియల్ కష్టమైనది.

ఫిబ్రవరి 18

అక్క వచ్చింది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ కూపీ లాగడం మొదలుపెట్టింది.

"మీ ఆయనేంటే, జీతం రానివాడిలా మొహం వేలాడేసుకుని తిరుగుతున్నాడు. మీకు పడటం లేదా?"

"బాగానే పడుతుంది."

"నేనడిగేది అది కాదే, మొద్దూ."

సగం చెప్పాను. అక్క పకపకా నవ్వింది. "ఓసి దీనికా. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు, వలపు సిగ్గెరగదు అన్నారు. నీకు సిగ్గెక్కువ, అంతే. అదే పోతుందిలే."

సిగ్గు కాదు. ఆకలి నాకు తెలుసు, నిద్ర తెలుసు. ఆ మూడోదే ఎప్పుడూ మా గుమ్మం తొక్కలేదు. కాలేజీలో ఎవడైనా అందగాడు వెళితే ఆడపిల్లలందరూ మోచేతులతో పొడుచుకునేవాళ్ళు. వెనకబడకూడదని నేనూ పొడిచేదాన్ని. వీళ్ళు గోరంత దాన్ని కొండంత చేస్తున్నారని చాలాకాలం అనుకున్నాను. పోనీ నా మనసు ఆడవాళ్ళ మీదేమో అని కూడా నన్ను నేను కాపలా కాశాను. హాస్టల్లో నా గదిలో ఒక చక్కనమ్మ ఉండేది. తల దువ్వుకుంటుంటే చూడబుద్ధయ్యేది, కిటికీలోంచి వాన చూడబుద్ధయినట్టే. ఆ జుట్టు ముట్టుకోవాలని ఏనాడూ అనిపించలేదు. అటూ లేదు, ఇటూ లేదు. అప్పుడే ఎవరికైనా చెప్పాల్సిందేమో. ఏమని చెబుతారు, నాకేమీ అవడం లేదనా?

ఇదంతా అక్కకి చెప్పలేదు. బఠాణీలు బాగున్నాయని చెప్పాను.

ఫిబ్రవరి 25

రక్తం బాగుంది, థైరాయిడ్ బాగుంది. డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, "ఏ లోపమూ లేదమ్మా, సంతోషించు" అంది. ఏదో ఒక లోపం బయటపడితే బాగుండునని వెళ్ళినదాన్ని నేను. లోపమైతే మందుంటుంది కదా. "ఇద్దరూ కలిసి ఎటైనా వెళ్ళిరండి, గాలి మారితే అన్నీ మారతాయి" అని విటమిన్ మాత్రలు రాసింది. వేసుకుంటున్నాను. జుట్టు రాలడం తగ్గింది.

మార్చి 3

సముద్రం దగ్గర గది తీసుకున్నాం. ఇసుకలో చాలా దూరం నడిచాం. ఆయన అలల చప్పుడు రికార్డు చేసుకుంటుంటే నేను వెనకనుంచి దగ్గి పాడుచేశాను. కొట్టడానికి వెంటపడ్డాడు. పెళ్ళయ్యాక అంత నవ్వలేదు మేము. గదికొచ్చి ఆయన భుజం మీద తల పెట్టుకుని పడుకున్నాను. ఇంతకంటే సుఖం లోకంలో ఉండదనిపించింది. ఆయన నా కోసం ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. నిద్రపోయినట్టు నటించాను. కాసేపటికి ఆయన భుజం మెల్లిగా లాక్కుని అటు తిరిగాడు.

నాకు అది కడుపునిండా భోజనం. ఆయనకు కంచం పెట్టి వడ్డించకుండా వెళ్ళిపోవడం. నాకది తెలిసీ నిద్ర నటించాను.

గాలి మాత్రం మారింది.

మార్చి 8

ఆదివారం. మధ్యాహ్నం. కింద వీధిలో ఎవరో సైకిలు బాగుచేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నేనే దగ్గరికి వెళ్ళాను. నాకై నేను వెళ్ళడం ఇదే మొదలు. ఆయన మొహం చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చిన్నదానికి మనిషికి అంత సంతోషమా అనిపించింది. ఆ సంతోషాన్ని నిలబెట్టాలనే చేశాను. ఇన్నాళ్ళూ మాటలేకుండా ఉండేదాన్ని, లేదంటే ఏదో కొంచెం. ఇవాళ తక్కువ చేయకూడదనుకున్నాను. నా దగ్గరున్న ఊపిరుల్లో మంచిది తీసి ఇచ్చాను.

ఆయన ఆగిపోయాడు.

"అది నాకు తెలుసు" అన్నాడు.

"ఏది?"

"మేడ మీద సీను. చివర్లో విరుస్తావు కదా. నేనే కోశాను దాన్ని. బాగుందని ఇంకోచోట అతికించాను కూడా."

నవ్వేద్దామని చూశాను, నవ్వు రాలేదు. ఆయన లేచి మంచం అంచున కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఒకటి తప్పు కాజాలోకి వెళ్ళింది. సరిచేయబోతే నా చెయ్యి మెల్లిగా పక్కకు పెట్టాడు. విసిరికొట్టినా బాగుండేది.

"ఇంతకుముందువి?"

"అవి నిజమే."

ఆయన నా వైపు చూడలేదు. ఊరికే వింటున్నాడు. అబద్ధమని ఆయనకు వినపడిపోయింది.

మార్చి 9

ఇవాళ టీ ఆయనే పెట్టుకున్నాడు.

మార్చి 11

ఇవాళ రికార్డింగ్‌లో ఇంకో ముద్దు సీను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను, తెర మీద హీరోయిన్ కళ్ళు మూసుకుంది, నా గొంతు పెగల్లేదు. గురువుగారు మళ్ళీ అన్నారు. మళ్ళీ రాలేదు. దగ్గొచ్చింది. "ఏమైందమ్మా ఊపిరమ్మా, ఊపిరాగిందా?" అని నవ్వారు. అప్పుడు అద్దం అవతల నుంచి మా ఆయన మైకు నొక్కి మాట్లాడాడు.

"వదిలేయండి గురువుగారూ. నా దగ్గర ఉన్నది వాడేద్దాం. ఎవరికీ తెలియదు."

గొంతులో కోపం కూడా లేదు. నేను బూత్‌లోంచి బయటికొచ్చి బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ చప్పుడులోంచి కూడా ఆయనకు వినపడే ఉంటుంది.

మార్చి 17

మనస్తత్వ నిపుణురాలి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. నా కంటే చిన్నది. టేబుల్ మీద ఎండిపోయిన మొక్క ఒకటి పెట్టుకుంది. దానికి నీళ్ళు పోయలేనిది నాకేం చెబుతుందిలే అనుకున్నాను. ఆమె మాత్రం చాలాసేపు అడిగింది, ఎక్కడా మొహం చిట్లించలేదు. చిన్నప్పుడు ఎవరైనా ఏమైనా చేశారా? లేదు. భయమా, నొప్పా, అసహ్యమా? లేదు. ఒంటరిగా ఉన్నప్పుడైనా కోరిక పుడుతుందా? లేదు. ఎవరి మీదైనా, ఎప్పుడైనా, కలలోనైనా? లేదు.

"మరి మీ ఆయనంటే?"

"ప్రాణం."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మీకు జబ్బేమీ లేదండీ. కొందరికి మగవాళ్ళ మీద కోరిక ఉంటుంది, కొందరికి ఆడవాళ్ళ మీద, కొందరికి ఇద్దరి మీదా. కొందరికి ఎవరి మీదా ఉండదు. ఇలాంటివాళ్ళూ ప్రేమిస్తారు, మీలాగే. ఇది మీరు చేసిన తప్పు కాదు."

దానికొక పేరు కూడా చెప్పింది. దారంతా ఆ పేరు లోపల్లోపల పలుకుతూ వచ్చాను. చాలా ఏళ్ళుగా మోస్తున్న మూటని ఎవరో దించినట్టయింది. బస్సులో పక్కనున్నావిడ "ఏంటమ్మా, మంచి కబురా?" అని అడిగింది. అవునన్నాను.

మార్చి 18

ఆయనకు చెప్పాను. మొత్తం, చల్లనీళ్ళ బకెట్టుతో సహా.

విన్నాడు. "నా మీద లేదా, ఎవరి మీదా లేదా?"

"ఎవరి మీదా."

"మరి నన్నెందుకు చేసుకున్నావు?"

"మీరంటే ఇష్టం కాబట్టి."

"ఇష్టం" అన్నాడు. ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు అన్నాడు. తర్వాత, "సరే, సర్దుకుందాం. అందరూ దేనికో ఒకదానికి సర్దుకునేవాళ్ళేగా" అన్నాడు. ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. ఇంత మంచివాడిని నేనే చేసుకోవాలా?

మార్చి 22

సర్దుకుంటున్నాం.

మార్చి 26

సర్దుకుంటున్నాం. ఆయన నడుంనొప్పి అని హాల్లో నేలమీద పడుకుంటున్నాడు. నేలమీద పడుకుంటే నడుముకి మంచిదే.

ఏప్రిల్ 4

ఆయన చిక్కిపోయాడు. కొత్త సబ్బు, కొత్త సెంటు కొన్నాడు. అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి పీల్చుకుని చూసుకుంటుంటే చూశాను. నేను చూశానని తెలిసి తువ్వాలు కప్పుకున్నాడు. మీలో ఏ వంకా లేదండీ అన్నాను. "ఆ, తెలుసు" అన్నాడు. తెలియదు ఆయనకు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన లెక్క ఒక్కటే: తనలో ఏదో ఉంటే నాలో కోరిక పుట్టేది.

ఇంట్లో ఏమన్నా ఆగి వింటున్నాడు. టీ బాగుందంటే వింటాడు. జాగ్రత్తగా వెళ్ళిరండి అంటే చెప్పులు వేసుకునేవాడల్లా ఆగి వింటాడు, ఇందులో ఎంత నిజముందోనని. నేను నోరు తెరవడానికే భయపడుతున్నాను. గొంతు అమ్ముకుని బతికేదాన్ని, ఇంట్లో మూగదాన్నయిపోయాను.

ఏప్రిల్ 9

స్టూడియోలో గొడవ. తల్లి పాత్రలకు చెప్పే పెద్దావిడ ఒకరున్నారు, ఏడుపు ఆమె తర్వాతే ఎవరైనా. ఇవాళ ఆవిడ కొడుకు శవం మీద పడి ఏడ్చే సీను చెబుతుంటే మా ఆయన "అబద్ధంగా ఉంది, మళ్ళీ" అన్నాడు. మళ్ళీ చెప్పింది. "మళ్ళీ." ఆవిడ గొంతు బొంగురుపోయేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. చివరికి గురువుగారే లేచి, "ఏరా, డబ్బింగ్‌లో నిజం ఎక్కడుంటుందిరా? పిచ్చెక్కిందా నీకు?" అని అందరి ముందూ అరిచారు. మా ఆయన హెడ్‌ఫోన్స్ తీసి మిషన్ మీద పెట్టి, "నాకేదీ నిజంలా వినపడటం లేదు గురువుగారూ" అన్నాడు. సెలవు తీసుకోమన్నారు. మళ్ళీ పిలుస్తారో లేదో తెలియదు.

పాముచెవులకి చెవులే పాడైపోయాయి. నేనే పాడుచేశాను.

ఏప్రిల్ 12

"ఒకటడుగుతాను, నిజం చెప్పు" అన్నాడు. "ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"ఉన్నారని చెప్పు."

నాకర్థం కాలేదు.

"ఎవడో ఒకడున్నాడని చెప్పు. అది తట్టుకోగలను. వాడు నా కంటే బాగుంటాడు, లేకపోతే బాగా మాట్లాడతాడు, సరే. మగాళ్ళకి లోకంలో అలాంటివి జరుగుతూనే ఉంటాయి. నాలుగు రోజులు తాగుతాను, తిట్టుకుంటాను, ఎప్పటికో మర్చిపోతాను. కానీ ఎవరూ లేకుండానే నేను వద్దంటే, నన్ను నేనేం చేసుకోను?"

"మీరు వద్దని కాదండీ."

"చూశావా, నాకది వినపడదు. ఎంత ప్రయత్నించినా వినపడదు."

విడిపోదాం అన్నాను. ఏ తప్పూ చేయని పెళ్ళాన్ని ఎలా వదిలేస్తాను అన్నాడు. మీరెవరినైనా చూసుకోండి, నేనేమీ అనుకోను అన్నాను. అప్పుడు నిజంగా కోపమొచ్చింది. అన్నం కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 14

అక్కకి ఫోన్ చేశాను. ఈసారి మొత్తం చెప్పాను, ఆ నిపుణురాలు చెప్పిన పేరుతో సహా. అక్క అటుపక్క టీవీ కట్టేసింది. తర్వాత, "ఆ పేరూ గీరూ ఎవరికీ చెప్పకే. నవ్విపోతారు" అంది. తర్వాత, "వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు. చేసుకున్న పెళ్ళి నిలబెట్టుకోడానికి ఇంకో నాలుగు ఆడలేవా?" అంది.

ఆడలేను అక్కా. ఆయన వింటాడు.

ఏప్రిల్ 17

ఆయన భోజనం మానేశాడు. ఇవాళ హాల్లో కూర్చుని పాత రికార్డింగులు పెట్టుకుని వింటున్నాడు. నావే. పెళ్ళికి ముందువి. ఒక్కోచోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వింటున్నాడు. ఎక్కడైనా ఒక్కటైనా నిజం దొరుకుతుందేమోనని. ఈ మనిషి ఇలాగే పోతాడు. నేను పక్కగదిలో కూర్చుని నా మనిషి నా మూలంగా పోవడం వింటూ ఉంటాను.

ఏప్రిల్ 19

చెప్పేశాను.

ఏప్రిల్ 20

నిన్న అంతకంటే రాయలేకపోయాను.

నిన్న పొద్దున టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. ముందురోజంతా మనసులో చెప్పుకున్నాను, ఎక్కడ ఆగాలో, ఎక్కడ తల దించాలో. తీరా నోరు తెరిచేసరికి అదంతా ఎగిరిపోయింది.

"మీరన్నది నిజమే. ఒకతనున్నాడు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. ఆయన భుజాలు మాత్రం కిందికి దిగాయి. చాలా రోజుల తర్వాత మామూలుగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎవరు?"

"మీకు తెలియదు."

"స్టూడియోలోనా?"

"కాదు."

"ఎలాంటివాడు?"

ఇది నేను అనుకోలేదు. పేరడుగుతాడనుకున్నాను, ఎన్నాళ్ళనుంచి అని అడుగుతాడనుకున్నాను. ఎలాంటివాడంటే ఏం చెప్పను? నేను ప్రేమించిన మగవాడు ఒక్కడే. అతని గురించే చెప్పాను.

"పెద్ద మాటకారేం కాదు" అన్నాను. "నేను మాట్లాడుతుంటే చేతిలో పని ఆపి వింటాడు. లిఫ్టులో ముసలివాళ్ళెవరైనా ఎక్కుతుంటే తలుపు పట్టుకుని నిలబడతాడు, తనకి ఆలస్యమైపోతున్నా సరే. సినిమాలో ఏడుపొస్తే దగ్గినట్టు చేస్తాడు. నాకు కోపమొస్తే ఏమీ అనడు, గిన్నెలు చప్పుడు కాకుండా సర్దేసి నా పక్కనొచ్చి కూర్చుంటాడు. అప్పుడు నాకు కోపం ఎందుకొచ్చిందో కూడా గుర్తుండదు. అతను పక్కన కూర్చుంటే చాలు నాకు. ఇంకేమీ అక్కర్లేదు."

చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. అది తనేనని పట్టేస్తాడని భయపడ్డాను. పట్టేస్తే బాగుండునని కూడా, అంతకంటే ఎక్కువగా, అనుకున్నాను. నావైపే చూస్తున్నాడు, తల కొంచెం పక్కకి వంచి, మంచి టేక్ వింటున్నప్పటిలాగా.

"చాలా ఇష్టమా అతనంటే?"

"చాలా."

తల ఊపాడు. "తెలుస్తోంది. ఇన్నాళ్ళకి నీ నోట ఒక నిజం విన్నాను" అన్నాడు.

లేచాడు. టీ గ్లాసు కడిగి బోర్లించాడు, చప్పుడు కాకుండా. సంచీ సర్దుకున్నాడు. నేను కదల్లేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒక్కసారి ఆగాడు. ఈసారి వినడానికి కాదు, ఏదో చెప్పడానికి.

"అదృష్టవంతుడు" అన్నాడు.